కుక్కకూ ఓ గోత్రం

మే నెల మధ్యాహ్నం మార్కాపురంలో మనిషికే నాలుక బయటికొస్తుంది. అలాంటి ఊరికి మా మిత్రుడొకడు సైబీరియన్ హస్కీని తెచ్చాడు. ఆడకుక్క, నీలికళ్లు, ఒళ్లంతా గొంగడంత బొచ్చు. మంచు మీద బండి లాగడానికి చుక్చీ జనం తరతరాలుగా పెంచుకున్న జాతి. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణానికి డిఫ్తీరియా మందు మోసుకెళ్లింది ఇలాంటి కుక్కలే. ఇక్కడ మాత్రం బండి లాగేది ఇంటివాళ్లు. దానికో ఏసీ గది, ట్యాంకరు నీళ్లతో రోజూ స్నానం. కరెంటు పోతే ఇంటిల్లిపాదీ తడిగుడ్డలు పట్టుకుని దాని చుట్టూ చేరతారు.

ఎందుకురా అంటే, "బ్లడ్డన్నా! జాతి కుక్క గుణమే వేరు" అంటాడు.

ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఈ జాతకమే నడుస్తోంది. లాబ్రడార్ రాశి: శాంతం, తిండి యావ. డాబర్‌మన్ రాశి: ముక్కు మీద కోపం, యజమాని భక్తి. పగ్ రాశి: గురక. పిల్లను కొనేటప్పుడు తల్లిదండ్రుల కాగితాలు అడుగుతారు. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలుండవు.

సరే, ఆ గోత్రకర్తలెవరో చూద్దాం. జర్మనీలోని అపోల్డాలో పన్నులు వసూలు చేసే డాబర్‌మన్ అనే ఆయనకు తోడుగా ఓ గట్టి కుక్క కావాల్సొచ్చింది. చేతికందిన కుక్కల్నల్లా కలిపి పెంచాడు. జర్మన్ షెపర్డ్ వంశానికి ఋషి ఓ గుర్రపుదళం కెప్టెన్. 1899లో కుక్కల ప్రదర్శనలో ఒకదాన్ని చూసి ముచ్చటపడి కొన్నాడు, పేరు మార్చి రిజిస్టరులో ఒకటో నంబరు వేశాడు. లండన్‌లో కుక్కల వంశావళులు రాసిపెట్టే కెన్నెల్ క్లబ్ పుట్టిందే 1873లో. విజయనగర కాలం నాటి మన కంభం చెరువు ముందు ఈ వంశాలన్నీ నిన్నగాక మొన్న పుట్టిన పిల్లలు.

గుణాల సంగతీ అంతంతే. 2022లో 'సైన్స్' పత్రికలో ఓ పరిశోధన వచ్చింది. పద్దెనిమిది వేల పైచిలుకు కుక్కల గురించి యజమానుల్నే అడిగారు. ఒక కుక్క నడవడిలో తేడాలకు జాతి చెప్పే కారణం సుమారు 9 శాతమేనని తేలింది. మందను తోలే జాతులు మాట కాస్త ఎక్కువ వింటాయి, కాదనను. అంతమాత్రానికి రాశిఫలాలు రాస్తే ఎట్లా?

సర్కారువారూ రాశారు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల్ని క్రూరమైనవని తేల్చి, అమ్మొద్దు, పెంచొద్దు అంది. మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. పుట్టుకను బట్టి నేరస్థుల జాబితా రాయడం ఈ గడ్డకు కొత్త కాదు లెండి. 1871లో తెల్లవాడు నేరస్థ తెగల చట్టమంటూ ఏకంగా మనుషులకే రాశాడు.

గిద్దలూరు దాటి దిగువమెట్ట వైపు, నల్లమల అంచున రాత్రిపూట మేకల దొడ్ల దగ్గర కొన్ని కుక్కలు మేలుకునుంటాయి. చిరుతకు మేక కంటే ముందు అవే చిక్కుతాయి. ఏసీ లేదు, ఏ పుస్తకంలోనూ పేరు లేదు. మిగిలిన సంగటే కూలి. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఓ కాపరిని ఇది ఏ జాతి అనడిగాను. నన్ను ఎగాదిగా చూసి, "కుక్కజాతే సామీ" అన్నాడు.

మొన్న మిత్రుడి ఇంట్లో ఏడుపు ఒక్కటే తక్కువ. హస్కీకి కాగితాలున్న సంబంధం కోసం హైదరాబాద్ దాకా వాకబు చేస్తుంటే, ఈలోగా ప్రహరీ దూకి ఎవడో వచ్చిపోయాడు. ఐదు పిల్లలు. మూడింటికి నీలికళ్లు, అయిదింటికీ వంకర తోకలు. వారం తిరిగేసరికి మావాడు తేరుకున్నాడు. "అన్నా, ఇది కొత్త బ్రీడు. మార్కాపూర్ హస్కీ. ఎండకు తట్టుకుంటది. ఒక్కోటి పదివేలు" అంటున్నాడు.

డాబర్‌మన్ గారు చేసిందీ ఇదే కదా. రిజిస్టరు కొంటానంటే, వద్దురా, మన ఊళ్లో పలకలకేం కరువన్నాను.