గుండిగలో రొయ్యలు

నరసింహస్వామి వెలసిన ధర్మపురి కాదు, తమిళనాడు ధర్మపురి. తెలుగిళ్ళకు కొదవ లేని ఊరు. నలభై అయిదు కిలోమీటర్లు పోతే కావేరి ఉంది, ఏటి చేపలకు లోటు లేదు. సముద్రమే దూరం. అందుకే హ్యూస్టన్ నుంచి వచ్చిన మా బావ, రొయ్యలూ పీతలూ గుండిగలో ఉడకేసి చుట్టపక్కాలందరికీ పెడతానంటే మా మేనత్త హడలిపోయింది.

"సముద్రం సరుకు ఇంత దూరం వచ్చేసరికి ఏమవుతుందో! పిల్లలు తినేది నాయనా."

ఆ భయంలో తప్పేమీ లేదు. మంచు చాలకపోతే రొయ్య గంటల్లో పాడవుతుంది. చెన్నై కాశిమేడు రేవు నుంచి మంచు పెట్టెలో తెల్లారేసరికి సరుకు దిగింది. అత్త పీట వేసుకుని కూర్చుంది. ఒక్కో రొయ్యా చూసింది: తల నల్లబడిందా, పెంకు వదులైందా, వాసన కొడుతోందా. పీతను అరచేతిలో పెట్టి బరువు చూసింది. తేలిగ్గా ఉంటే లోపల కండ లేనట్టే. అనుమానం వచ్చినవన్నీ అవతల పడేసింది. మిగిలినవాటిని నీలం డ్రమ్ములో పట్టి ఉంచిన కొళాయి నీళ్ళతో కడిగి, ఉప్పూ పసుపూ పట్టించి మళ్ళీ కడిగింది. ఇంత శ్రద్ధ పెట్టే చెయ్యి ఏ వంటింట్లో ఉన్నా అదృష్టమే.

వంటకు మాత్రం పెరట్లో బోరు నీళ్ళు. "కొళాయి నీళ్ళు బ్లీచింగ్ కంపు. మా బోరు నీళ్ళు తాగి చూడు, ఎంత తియ్యగా ఉంటాయో!"

అమెరికా దక్షిణ తీరంలో ఈ ఉడకేయడం ఒక పండగ. బావ తెచ్చిన మసాలా డబ్బా విప్పి చూస్తే ఆవాలు, ధనియాలు, మిరప. మన పోపులపెట్టె సరుకే. వెల్లుల్లి గడ్డలు, నిమ్మచెక్కలు పడ్డాయి. వరస తప్పకూడదు: ముందు బంగాళాదుంపలు, తర్వాత మొక్కజొన్న కండె ముక్కలు, ఆపైన పీతలు, ఆఖరున రొయ్యలు. రొయ్యలకు రెండు మూడు నిమిషాలు చాలు, మించితే రబ్బరే. అత్త ఒప్పుకుంటేగా!

"ఇంకాస్త మరగనీ అబ్బాయ్. ఏ చెడు ఉన్నా కాగితే పోతుంది."

అరిటాకుల మీద కుమ్మరించారు. అందరూ చేతులు ఎర్రబడేలా తిన్నారు. గుండిగలో మిగిలిన నీళ్ళు అత్త పారబోయనివ్వలేదు. మిరియాలు, జీలకర్ర దంచి వేసి, సగమయ్యేదాకా మరగకాచి పీతల రసం చేసింది. మొదటి గ్లాసు పెద్దకొడుకు పిల్లాడికి. ఏడేళ్ళవాడు. వాడు సంబరంగా నవ్వితే వాళ్ళమ్మ కసిరింది.

"నోరు ముయ్యరా! ఆ పళ్ళు చూడు. తోముకోమంటే వినవు."

ముందుపళ్ళ మీద గోధుమరంగు చారలు.

బావ అత్తగారు లేచి వచ్చారు. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు మనిషి. మెడ తిరగదు, పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పాలి. పిల్లాడి గదవ పట్టుకుని చూసి, వాడి చేతిలో గ్లాసు తీసి పక్కన పెట్టారు.

"గీ నీళ్లు ఏడియి వదినా?"

"బోరువి."

"పోరన్ని తిట్టకు బిడ్డా. తోమితే పొయ్యే మచ్చ కాదిది."

ఫ్లోరైడ్. కాస్తే క్రిములు చస్తాయి, ఇది చావదు. నీరు ఆవిరవుతుంది, ఇది గిన్నెలోనే ఉండి చిక్కబడుతుంది. సగానికి మరిగిన నీళ్ళలో దాదాపు రెట్టింపు. శాశ్వతదంతాలు తయారయ్యే పసితనంలో ఒంట్లో చేరితే మచ్చ పంటిలోనే పడుతుంది. పెద్దయ్యాక ఎముకల్ని బిగదీస్తుంది. పటిక, సున్నంతో దాన్ని తగ్గించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు వచ్చిందంటే ఆ జిల్లా ఎంత పడిందో తెలుస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని మన దేశపు ప్రమాణం.

మర్నాడే సీసాలో బోరు నీళ్ళు పరీక్షకు పంపారు. హద్దు దాటిందని కాగితం వచ్చింది.

ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల భూమిలో ఈ ఫ్లోరైడ్ ఉందనే, హొగేనక్కల్ దగ్గర కావేరిని తోడి, శుద్ధి చేసి ఊళ్ళకు పంపే పథకం కట్టారు. జపాన్ నుంచి అప్పు తెచ్చి, దాదాపు 1,900 కోట్ల రూపాయలు పోసి, 2013లో ప్రారంభించారు. మా అత్త ఇంటి కొళాయికి వచ్చేవి ఆ నీళ్ళే. నీలం డ్రమ్ములో పట్టి, రొయ్యలు కడిగి, కాలవలో పోసిన నీళ్ళు.