బకెట్టు

భౌతికశాస్త్రంలో 2021 నోబెల్ బహుమతి పంచుకున్న స్యుకురో మనాబే టోక్యోలో డాక్టరేట్ పుచ్చుకుని 1958లో అమెరికా వెళ్లారు. అక్కడి వాతావరణ శాస్త్రవేత్త జోసెఫ్ స్మగోరిన్‌స్కీ పిలిచారు. భూగోళం మీది వాతావరణాన్నంతా కంప్యూటర్లో లెక్కకట్టడం అక్కడి పని.

గాలి కదలికకు సమీకరణాలున్నాయి. చిక్కు నేల దగ్గరొచ్చింది. కురిసిన వానలో ఇంకేది ఎంత, పారేది ఎంత, ఆవిరయ్యేది ఎంత? ఇసుక నేలది ఒక దారి, బంకమట్టిది మరో దారి. అడవిది ఇంకో దారి.

మనాబే 1969లో ఒక పద్ధతి ప్రకటించారు. భూమిని గడులుగా విడగొట్టి గడికో బకెట్టు పెట్టారు. అందులో 15 సెంటీమీటర్ల నీరు పడుతుంది. నిండాక పొర్లినదంతా నదుల్లోకి. ముప్పాతిక వంతుకు తగ్గకుండా నీరుంటే ఆవిరి పూర్తి జోరున లేస్తుంది. అంతకు తగ్గితే, తగ్గినకొద్దీ తగ్గుతుంది. లెక్క అంతే.

సహారాకు 15 సెంటీమీటర్లు. అమెజాన్‌ అడవికీ 15 సెంటీమీటర్లే. బకెట్టులో వేరు లేదు, ఆకు లేదు.

ఆ లోటు 1986లో తీరింది. తర్వాతి కాలంలో మూడుసార్లు అంతరిక్షానికి వెళ్లొచ్చిన పియర్స్ సెల్లర్స్, ఆయన సహచరులు లెక్కలోకి చెట్టును తెచ్చారు. ఆకు మీది రంధ్రాలు ఎప్పుడు ఎంత తెరుచుకుంటాయి, ఆకుల మీద ఎంత వాన ఆగుతుంది, వేళ్లు ఎంత నీరు లాగుతాయి అన్నీ అందులో ఉన్నాయి. మట్టి మూడు పొరలు. దాని పేరు సరళ జీవావరణ నమూనా. అది మరీ బరువైందని 1991లో కుదించారు. అప్పుడు దాని పేరు సరళీకృత సరళ జీవావరణ నమూనా.

ఈ కొత్త నమూనానూ పాత బకెట్టునూ అలన్ రోబాక్ బృందం పక్కపక్కన పెట్టి, 1995లో ఫలితం ప్రచురించింది. సోవియట్ యూనియన్‌లో దశాబ్దాలపాటు నేల తేమ కొలిచిన కేంద్రాలు వందల్లో ఉండేవి. వాటిలో ఆరింటిని ఎంచుకున్నారు. మూడు గంటలకోసారి అక్కడి వాతావరణ వివరాలు అందిస్తూ, రెండు నమూనాలనూ ఆరేళ్ల కాలానికి నడిపారు.

మూడు కేంద్రాల్లో కొత్త నమూనా నేల తేమను బాగా చెప్పింది. బకెట్టూ బాగా చెప్పింది. మిగతా మూడింటిలో కొత్త నమూనా బాగా తప్పింది. బకెట్టూ తప్పింది. నేలనుంచి గాలిలోకి పోయే ఆవిరి, వేడి లెక్కల్లో మాత్రం రెండింటికీ పొంతన లేదు. వసంతంలో కరిగిన మంచునంతా కొత్త నమూనా ఇంకనివ్వకుండా పారబోసింది. నేల తేమలో అది బకెట్టు కంటే మెరుగని చెప్పడానికి ఆధారమేమీ దొరకలేదు.

కారణమూ ఆ వ్యాసంలోనే రాశారు. ఆకులూ వేళ్లూ మూడు పొరల మట్టీ ఉన్న కొత్త నమూనా లోపల ఒక బకెట్టు ఉంది.