రూట్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ రూట్ గారి సముఖానికి సామాన్య యూజరు నమస్కరించి రాయునది.

లినక్స్‌లో తమరి ఐడీ 0. తమరి మాటకు ఎదురు లేదని మాకు మొదటి పాఠంలోనే చెప్పారు. అందుకే ఒక పాత డైరెక్టరీ పోనని మొండికేస్తే, సుడో పెట్టి తమరి పేరు మీదే ఆజ్ఞ వేయించాం. వచ్చిన జవాబు: ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’. తమరికే!

ఆరా తీస్తే తేలిందేమంటే, ఎవరో ఎప్పుడో ఛాటర్ కమాండుతో దాని మీద ‘ఐ’ ముద్ర కొట్టి వెళ్లారు. ఆ ముద్ర ఉన్నంతకాలం తమరైనా సరే దాన్ని చెరపలేరు. ముద్రను తీసేసే అధికారం మాత్రం తమరిదే. ఇలాంటి మెలికలు సచివాలయం ఫైళ్లలోనే ఉంటాయనుకున్నాం. పైగా మామూలు ఎల్‌ఎస్‌కు ఆ ముద్ర కనబడదు, ఎల్‌ఎస్-యాటర్‌ను అడగాలి.

మా బోటివాళ్ల గోడు వేరు. డైరెక్టరీ మాదే, పేరు మాదే. అయినా దాన్ని తీసేసే హక్కు దాని పై డైరెక్టరీలో ఉంటుంది. అక్కడ రాసే అనుమతి లేకపోతే మా యాజమాన్యం ఎందుకూ కొరగాదు.

ఎన్‌ఎఫ్‌ఎస్ అనే నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ సంగతి మరీ చోద్యం. ‘డైరెక్టరీ నాట్ ఎంప్టీ’ అంటుంది, ఎర్రర్ నంబరు 39. చూస్తే లోపల ఏమీ ఉండదు. ఎల్‌ఎస్‌కు మైనస్ ఏ తగిలిస్తే, చుక్కతో మొదలయ్యే పేరుతో ఒక ఫైలు బయటపడుతుంది. ఏదో ప్రోగ్రాము ఇంకా తెరిచి పెట్టుకున్న ఫైలును చెరిపితే ఎన్‌ఎఫ్‌ఎస్ దాన్ని చంపదు, పేరు మార్చి దాస్తుంది. ఆ ప్రోగ్రాము ఆగితే అదే పోతుంది. ఇది తమరు చూసుకుంటారులే అనుకుందామా? ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వరు గడప దాటగానే రూట్ స్క్వాష్ అనే నియమం తమరిని ‘నోబడీ’గా మార్చేస్తుంది. మనవి చేసుకోవడానికే సిగ్గుగా ఉంది.

అసలు ఫిర్యాదు మౌంట్ పాయింట్ల మీద. వేరే డిస్కు తగిలించిన డైరెక్టరీ మీద ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్ కొడితే, ముందు ఆ డిస్కులో ఉన్నదంతా తుడిచిపెట్టి, చివర్లో ‘డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ’ అంటూ ఖాళీ డైరెక్టరీని మాత్రం తీయదు. పోవలసింది ఉంటుంది, ఉండవలసింది పోతుంది. ముందే అన్‌మౌంట్ చేద్దామంటే ‘టార్గెట్ ఈజ్ బిజీ’. ఎవరితో బిజీ? ఎఫ్‌యూజర్‌కు తెలుసు, ఎల్‌సాఫ్‌కు తెలుసు. చాలాసార్లు, ఏ టెర్మినల్లోనో ఎప్పటిదో ఒక షెల్ ఆ డైరెక్టరీలోనే కూర్చుని ఉంటుంది.

కావున తమరు కెర్నెల్ వారికి సిఫారసు చేయగలరు. కాదనేటప్పుడు ఎవరి వల్ల కాదంటున్నారో, ఆ ప్రాసెస్ నంబరు కూడా జవాబులోనే రాయమనండి. అంతవరకు సుడో కొట్టేముందు ఫైండ్‌మౌంట్ చూసుకోమని తోటి యూజర్లకు మా మనవి.

ఇట్లు,
తమరి విధేయుడు,
యూజర్ ఐడీ 1000