లోపలాయన

ఈ కాలమ్ గాజు తలుపు బయట నిలబడి రాస్తున్నాను. తలుపు లోపల కూడా నేనే ఉన్నాను. పొద్దున్నే ఏదో పుచ్చుకుని రాస్తున్నానని అనుకోకండి. నేను లోపల ఉన్నానన్నది యంత్రం మాట. దాని మాటకు తిరుగులేదని మేనేజరుగారు చెప్పారు కాబట్టి నేనూ నమ్మేశాను.

మాదాపూర్ షేర్డ్ ఆఫీసు సర్క్యులర్ ఈపాటికి మీ వాట్సాప్ గ్రూపుల్లో రెండు చుట్లు తిరిగే ఉంటుంది. మీలో సగం మంది దానికింద నవ్వే బొమ్మ కూడా పెట్టి ఉంటారు. ఆ ఆఫీసులో మూల కుర్చీ ఒకటి నాది. పద్నాలుగు కంపెనీలు ఒకే కాఫీ మిషన్ చుట్టూ కాపురం చేసే ఉమ్మడి కుటుంబం అది. ఆ కుటుంబానికి శనివారం నుంచి మూడు కట్టుబాట్లు వచ్చాయి. వెనక వచ్చేవాళ్ల కోసం తలుపు పట్టి ఉంచకూడదు. వచ్చేటప్పుడే కాకుండా పోయేటప్పుడూ కార్డు కొట్టాలి. పోయేటప్పుడు కొట్టనివాళ్లు లోపలే ఉన్నట్టు లెక్క. లోపల ఉన్నవాళ్లకు మళ్లీ లోపలికి ప్రవేశం లేదు.

ఈ మూడోదాని పేరు యాంటీ పాస్‌బ్యాక్. ఒకడు కార్డు కొట్టి లోపలికి దూరి, అదే కార్డును తలుపు సందులోంచి బావమరిదికి అందించకుండా కనిపెట్టిన విద్య. తెలుగుదేశాన బావమరుదులను ఆపిన విద్య ఇంతవరకూ ఒక్కటీ లేదు గానీ, ఆ సంగతి వదిలేద్దాం.

శనివారం సాయంత్రం నా ఒక చేతిలో లాప్‌టాప్ సంచీ, ఇంకో చేతిలో గొడుగు, టిఫిన్ డబ్బా. ముందు నడుస్తున్న పక్క కంపెనీ అమ్మాయి పెద్దవాణ్ణని గౌరవించి, “రండంకుల్” అంటూ తలుపు పట్టుకుంది. కార్డు తీయకుండానే బయటపడ్డాను. మొదటి కట్టుబాటును ఆ అమ్మాయి, రెండోదాన్ని నేను, ఒకే గడప మీద ఒకేసారి దాటేశాం. మూడోది మాత్రం సోమవారం దాకా ఓపిక పట్టింది.

సోమవారం పొద్దున్న తొమ్మిదీ నలభైకి కార్డు పెడితే ఎర్ర దీపం. తెర మీద అక్షరాలు: ‘మీరు ఇప్పటికే లోపల ఉన్నారు.’

తలుపు దగ్గరి సెక్యూరిటీ అన్న తెరను చూశాడు, నన్ను చూశాడు. “సార్, మీరు లోపల్నే ఉన్నరంట.”

“అన్నా, నీ ముందే నిలబడ్డాను కదా.”

“నాకైతే కనవడ్తున్నరు సార్. దానికి కనవడ్తలేరు.”

వేదాంతం ఇంత సులువుగా చెప్పినవాణ్ణి నేను చూడలేదు. ఈలోగా కమ్యూనిటీ మేనేజరుగారు వచ్చారు. నా మొహం వంక చూడకుండా చేతిలోని ట్యాబ్ వంక చూసి, ఈ వారం నా చేత ఈ కాలమ్ రాయించిన ముక్క అన్నారు: “మనుషులు పొరపాటు పడతారు సార్. లాగ్ పడదు.”

అంత నమ్మకంగా చెప్పాక కాదనడానికి నేనెవర్ని? మనిషిని, అంటే పొరపాటు పడే జాతివాణ్ణి. కాబట్టి ఒప్పుకున్నాను. శనివారం పొద్దున్న తొమ్మిదీ నలభైకి లోపలికి వెళ్లినవాడు లోపలే ఉన్నాడు. బయటికొచ్చి, ఇంటికెళ్లి, ఆదివారం నిద్రపోయి, మళ్లీ వచ్చినవాడు ఎవడో వేరే. గౌరవంగా ఉంటుందని ఆయనకు ‘లోపలాయన’ అని పేరు పెట్టుకున్నాను.

లోపలాయన సుగుణాలు ఒకటొకటే బయటపడటం మొదలైంది. సోమవారం పొద్దుటికే ఏకధాటిగా 48 గంటలు ఆఫీసులో ఉన్నాడు. వాష్‌రూమ్ తలుపుకీ కార్డే కాబట్టి లెక్క పక్కాగా ఉంది: 48 గంటల్లో ఒక్కసారి కూడా అటు వెళ్లలేదు. ప్యాంట్రీకి పోలేదు. కాఫీ తాగలేదు. కరివేపాకు ఏరిపారేస్తూ అరగంట భోంచేయలేదు. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు కుర్రాళ్లను వారానికి 70 గంటలు పనిచేయమన్నారు. 2025లో ఎల్ అండ్ టీ సుబ్రహ్మణ్యన్‌గారు ఆ పాటను 90కి పెంచి, ఇంట్లో కూర్చుని ఎంతసేపని భార్య ముఖం చూస్తారని అడిగారు. మా లోపలాయన ఈ వేలంపాటనే ముగించేశాడు. వారానికి 168. అంతకు పైన పాడాలంటే వారంలో గంటల్లేవు.

మా కంపెనీ హెచ్ఆర్ నుంచి మధ్యాహ్నానికే అభినందన వచ్చింది. నాకు కాదు, ఆయనకు. నాకు వచ్చింది ‘మీరు ఇంకా రిపోర్ట్ చేయలేదు’ అని. ఇంట్లో చెబితే మా ఆవిడ గరిటె ఆపి సూటిగా అడిగింది: “శనివారం నుంచి అక్కడున్నది మీరే అయితే, ఆదివారం ఇక్కడ పప్పుచారు మూడుసార్లు వడ్డించుకున్నది ఎవరండీ?” ఆ ప్రశ్నకు లాగ్‌లో సమాధానం లేదు. మా వంటింటికి కార్డు రీడర్ లేదు మరి.

పురాణాల్లో ఇలాంటిది ఒకసారి జరిగింది. సూర్యుడి వేడి తట్టుకోలేక సంజ్ఞాదేవి తన నీడను మొగుడి దగ్గర పెట్టి పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ నీడే ఛాయాదేవి. కాపురం ఏ లోటూ లేకుండా సాగింది. సూర్యభగవానుడంతటివాడికే చాలాకాలం తేడా తెలియనప్పుడు మా హెచ్ఆర్‌ను అనడం న్యాయం కాదు. ఆ ఛాయాదేవికి శని పుట్టాడు. మా లోపలాయనకు ఏం పుడుతుందో తెలియదు గానీ, ఓవర్‌టైమ్ మాత్రం పుట్టదు.

నేను లోపలికి వెళ్లే దారి ఏదని అడిగితే మేనేజరుగారు చిటికెలో చూపించారు. “విజిటర్‌గా రండి సార్.” తెర ముందు నిలబడ్డాను. మీ పేరు? చెప్పాను. ఎవరిని కలవాలి? అదే పేరు మళ్లీ చెప్పాను. ఆయనకు ఓటీపీ పంపింది. అది నా జేబులోనే మోగింది. నన్ను కలవడానికి నాకు నేను అనుమతి ఇచ్చుకుని, ‘సందర్శకుడు’ అన్న పసుపుపచ్చ బిళ్ల మెడలో వేసుకున్నాను. బిళ్ల వెనక చిన్న అక్షరాల్లో ఇంకో షరతు: సందర్శకులు ఎల్లవేళలా తమను ఆహ్వానించినవారి వెంటే ఉండాలి. శంకరాచార్యులవారు భాష్యాల మీద భాష్యాలు రాసి చెప్పిన సంగతిని ప్లాస్టిక్ బిళ్ల వెనక అంగుళం మేర ఇరికించేశారు. అప్పటినుంచి నా వెంట నేనే తిరుగుతున్నాను, ఒక్క క్షణం వదలకుండా.

మంగళవారం తెలిసింది, నేను ఒంటరిని కాదని. గోడ మీది తెరలో ‘ప్రస్తుతం లోపల: 131’ అని ఉంది. విజిటర్‌కు పనేముంటుంది, తిరిగి తలలు లెక్కపెట్టాను. 92. అంటే మిగతా 39 మంది లోపలాయనలు, లోపలామెలు. ఎవరో తలుపు పట్టుకున్న పాపానికి పుట్టిన సంతానం. కుర్చీలు అద్దెకిచ్చే వ్యాపారంలో ఇంతకంటే మంచి అద్దెదారులు ఎక్కడ దొరుకుతారు? ఏసీ చల్లదనం చాలలేదనరు. వైఫై రాలేదనరు. టిష్యూ కాగితాలు ఖర్చు చేయరు. సీట్లు నిండాయని మాత్రం తెర మీద కనిపిస్తారు. ఇంకో ఆరు నెలలాగితే మనుషుల అవసరం పూర్తిగా తీరిపోయి, 131 కార్డులే పొద్దున్నే మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగి నడిచొస్తాయి.

బుధవారం ఫైర్ డ్రిల్లు పెట్టారు.

అలారం మోగింది. అందరం మెట్లు దిగి పార్కింగ్‌లో నిలబడ్డాం. మేనేజరుగారు ట్యాబ్ తీసి, లాగ్‌లో ఉన్న పేర్లు పిలవడం మొదలుపెట్టారు. నా పేరు వచ్చింది. చెయ్యెత్తాను. “మీరు విజిటర్ లిస్టులో ఉన్నారు సార్. నేను పిలిచేది లోపల ఉన్నాయన్ని” అన్నారు. ఆయన పలకలేదు. పలకనివాళ్లు మొత్తం 39 మంది తేలారు. పసుపు టోపీలు పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లు టార్చిలైట్లతో పైకి పరిగెత్తి, మమ్మల్ని కుర్చీల కింద వెతికారు.

పేర్లు అయిపోయాక చివర్లో ‘హెచ్‌కే-1’ అని పిలిచారు. నీలం చీర కట్టుకున్న హౌస్‌కీపింగ్ అమ్మ ఒకావిడ చెయ్యెత్తింది. టిక్ పడింది.

“సార్, మా వదిన పైన్నే ఉండిపోయింది” అంది ఆమె.

“హెచ్‌కే వన్ టిక్ అయిపోయిందమ్మా. కార్డు బయటికొచ్చేసింది.”

“కార్డు ఒక్కటే సార్. మేం ఆరుగురం.”

నేను మూడు రోజులుగా ఒక మనిషి ఇద్దరైన విచిత్రానికి నవ్వుకుంటున్నాను. ఆరుగురు మనుషులు ఒక్కటైన సంగతి, రోజూ నా బల్ల తుడిచేవాళ్ల సంగతి, అప్పటిదాకా నా కంట పడలేదు. పద్నాలుగు కంపెనీలకూ కలిపి ఊడ్చేవాళ్లు ఆరుగురు. వాళ్లందరికీ ఒకే కార్డు. “వాళ్లు వెండర్ మనుషులు సార్, మన హెడ్‌కౌంట్‌లోకి రారు” అని మేనేజరుగారు నాకు వివరించారు. తలలు ఉన్నాయి, లెక్కలోకి మాత్రం రావట. కార్డు పట్టుకున్నామె ముందు దిగింది. వెనక మెట్ల తలుపు దగ్గరికి వదిన వచ్చేసరికి కార్డు కింద పార్కింగ్‌లో ఉంది. ఆ తలుపుకున్నది అయస్కాంతం తాళం. కరెంటు ఉన్నంతసేపూ 270 కిలోల బలంతో పట్టుకుంటుంది. అలారం మోగగానే దానంతటదే వదిలేయాలి. వదల్లేదు. వదలకపోతే గోడ మీది పచ్చ డబ్బా అద్దం పగలగొట్టాలి. డబ్బా ముందు అందం కోసం నిలువెత్తు పూలకుండీ పెట్టారు. అక్కడ డబ్బా ఉందనే ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆమెను బయటికి తెచ్చింది సెక్యూరిటీ అన్న. ఆయనకు కార్డే లేదు కాబట్టి ఆయన ఏ లిస్టులోనూ లేడు. పన్నెండు గంటలు తలుపు దగ్గర నిలబడే మనిషి, తలుపు లెక్కలో లోపలా లేడు, బయటా లేడు. అందరూ దిగుతుంటే తానొక్కడే మెట్లెక్కి వెళ్లి, ఆ తాళానికి కరెంటిచ్చే స్విచ్ ఆపేశాడు. రాత్రిళ్లు అది ఊరికే కూస్తుంటే ఆపేది ఆయనే కాబట్టి స్విచ్ ఎక్కడుందో తెలుసు.

అది డ్రిల్లు కాబట్టి వదిన బతికింది.

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో జరిగింది డ్రిల్లు కాదు. పల్లెల నుంచి ఉద్యోగానికి వచ్చిన ఆరుగురు పిల్లలు, ఒక్కరికీ పాతికేళ్లు నిండలేదు, ఐదో అంతస్తులో పొగకు ఊపిరాడక చచ్చిపోయారు. 2022 మే 13న ఢిల్లీ ముండ్కాలో 27 మంది పోయిన భవనానికి రాకకూ పోకకూ ఉన్నది ఒక్కటే దారి. అందులో నడిచింది సీసీ కెమెరాల కంపెనీ. 1911లో న్యూయార్క్ ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీలో, పనివాళ్లు గుడ్డముక్కలు ఎత్తుకుపోతారని, సంచులు వెతకడానికి వీలుగా ఒక తలుపుకు తాళం వేసి ఉంచారు. 146 మంది పోయారు. దాని పేరు కూడా భద్రతే. నూట పదేళ్లు దాటాక మనం తాళం మార్చాం, అంతే. బయటికి పోయే తలుపు లోపలివైపు నుంచి తాళంచెవి అవసరం లేకుండా తెరుచుకోవాలని మన నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతూనే ఉంది. లాప్‌టాప్ పోతే బీమా ఇస్తుంది. దాని కోసం మనిషి పోయే తలుపుకు తాళం బిగించి, ఆ తలుపు వెనక ఎంతమంది ఉన్నారో కూడా తెలుసుకోని సన్నాసి ఏర్పాటును భద్రత అని పిలవడానికి సిగ్గుండాలి. ఆరు కార్డుల ఖరీదెంత? మా కాఫీ మిషన్‌లో వారానికి పోసే పాల ఖరీదు ఉండదు. వాళ్లు మనుషులని ఒప్పుకోవడానికే చేతులు రాలేదు.

గురువారం మెయిల్ వచ్చింది. ‘డ్రిల్ విజయవంతం. ఆచూకీ తెలియని 39 మంది కార్డులు తాత్కాలికంగా నిలిపివేత. అనుమతి లేకుండా లాక్ విద్యుత్తు నిలిపినందుకు సెక్యూరిటీ సిబ్బందికి మెమో.’ ఆరుగురి ఊసు అందులో లేదు.

లోపలాయన గురించి నాకు బెంగ లేదు. రేపు నిజంగా నిప్పంటుకున్నా ఆయన వెంట్రుక కూడా కాలదు. వదిన గురించే బెంగ. శుక్రవారం పొద్దున్న పసుపు బిళ్ల మెడలో వేసుకుని వెనక మెట్ల వైపు వెళ్లి చూశాను. పూలకుండీని ఎవరో మూలకు జరిపి, కింద మట్టి శుభ్రంగా తుడిచి వెళ్లారు. పచ్చ డబ్బా కనబడుతోంది. మధ్యాహ్నం మళ్లీ వెళ్లి చూస్తే కుండీ దాని చోట అది ఉంది.