మంగళవారం మధ్యాహ్నం వెళ్ళి చూడండి

కాలేజీ చూసొచ్చామని ఈ మధ్య ఎవరైనా చెబితే నాకు ఒళ్ళు మండుతోంది. ఏం చూశారయ్యా అంటే గేటు బాగుందంటారు. లోపల ఫౌంటెన్ ఉందంటారు. ఆదివారం పూట కారులో దిగడం, ఏసీ గదిలో కూల్‌డ్రింకు తాగడం, పీఆర్వో చూపించిన వీడియో చూడటం, రంగుల బ్రోచర్ చంకన పెట్టుకుని తిరుగుముఖం పట్టడం. పిల్లవాడు నాలుగేళ్ళు బతకాల్సిన చోటు అది. తల్లిదండ్రులు పొలమో ప్లాటో అమ్మి డబ్బు కట్టే చోటు. దాన్ని చూసే పద్ధతి ఇదేనా?

మా రోజుల్లో ఎద్దును కొనాలంటే పళ్ళు పట్టి చూసేవాళ్ళు, కాడికి కట్టి నాలుగు చాళ్ళు దున్నించి చూసేవాళ్ళు. మా నాన్నగారు కాలేజీని కూడా అలాగే చూశారు. డెబ్బైల్లో మన రాష్ట్రం మొత్తానికీ ఇంజనీరింగ్ కాలేజీలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఉస్మానియా, వాల్తేరు, తిరుపతి, వరంగల్ ఆర్‌ఈసీ, 1972లో జేఎన్‌టీయూ కిందికి వచ్చిన కాకినాడ, అనంతపురం, హైదరాబాద్ కాలేజీలు. విజయవాడలో సిద్ధార్థ వాళ్ళ ప్రైవేటు కాలేజీ వచ్చింది 1977లో. ఎంసెట్ ఇంకా పుట్టలేదు, అది 1986 మాట. మాకు ఇంటర్ మార్కులే ఆధారం. ఏరుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అయినా దరఖాస్తు పెట్టేముందు నాన్నగారు నన్ను ఎర్రబస్సెక్కించి కాకినాడ తీసుకెళ్ళారు, అదీ క్లాసులు జరుగుతున్న రోజున.

ఆయన ఆఫీసు మెట్లెక్కలేదు. ముందు గేటు బయట టీకొట్టు దగ్గర కూర్చుని కొట్టువాడితో మాట కలిపారు. కుర్రాళ్ళు గొడవలు పడతారా, అప్పులు పెడతారా, క్లాసుల టైములో ఇక్కడే కూర్చుంటారా అని అడిగారు. తర్వాత హాస్టల్ మెస్సుకు వెళ్ళి వంటాయన్ని బియ్యం ఎక్కడివి, నెలకు మెస్ బిల్లు ఎంత పడుతోంది అని అడిగారు. మా వైపు కుర్రాడెవరైనా ఉన్నాడా అని వాకబు చేసి ఒక ఫైనలియర్ అబ్బాయిని పట్టుకున్నారు. "ఏం బాబూ, వాళ్ళు చెబుతారా, మీరే చదువుకుంటారా?" అన్నారు. ఆ అబ్బాయి కొంచెం ఆలోచించి, ఏ మాస్టారు బాగా చెబుతారో, ఏ సబ్జెక్టుకు సీనియర్ల నోట్సే గతో దాచకుండా చెప్పాడు. వర్క్‌షాపు కూడా చూపించాడు. లేతు మిషన్ల కింద ఇనుప రజను, నేల మీద నూనె మరకలు, చేతులు నల్లగా చేసుకున్న పిల్లలు. ఇక్కడ పని జరుగుతోందిరా అన్నారు నాన్నగారు. నాలుగో తరగతి చదివిన మనిషి ఆయన.

అందరికీ ఆ భాగ్యం లేదు. మా చెల్లెలు నాకంటే బాగా చదివేది. తనను ఏ కాలేజీకీ తీసుకెళ్ళి చూపించినవాళ్ళు లేరు. ఇంటికి దగ్గర అని ఆడపిల్లల కాలేజీలో బీయస్సీలో చేర్చేశారు. ఆ ఒక్క విషయంలో ఈ రోజులే నయం. ఇప్పుడు ఆడపిల్లలు ఎక్కడైనా చదవచ్చు. ఇంత వీలు వచ్చాక కూడా చూడకుండా చేర్చేస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

అసలు చిక్కంతా కాలెండర్‌లో ఉంది. పిల్లల్ని ఇంటర్ రెండేళ్ళూ రెసిడెన్షియల్ కాలేజీలో పెడతారు. తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి పడుకునే దాకా స్టడీ అవర్. బయటి ప్రపంచం ఎలా ఉందో చూసే తీరిక లేదు. ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారింది గానీ తంతు మారలేదు. వేసవిలో పరీక్ష, ఆ తర్వాత ర్యాంకు, ఆ వెంటనే వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి కొద్దిపాటి రోజులు. అప్పుడు నెట్ సెంటర్లో కూర్చుని, ఎవరో వాట్సాప్‌లో పంపిన లిస్టు చూసి కాలేజీ కోడ్లు వరసగా కొట్టేస్తారు. పోనీ అప్పుడైనా చూద్దామని పరుగెత్తితే అక్కడ సెలవులు, లేకపోతే సెమిస్టర్ పరీక్షలు. కనిపించేది ఖాళీ బిల్డింగు. కాలేజీ అంటే బిల్డింగు కాదు కదా, అందులో మధ్యాహ్నం రెండు గంటలకు ఏం జరుగుతుందో అది.

అందుకే ముందే వెళ్ళమంటాను. ఇంటర్‌లో ఉండగానే, నవంబరులోనో, సంక్రాంతి వెళ్ళాక జనవరి చివర్లోనో, మామూలు మంగళవారం మధ్యాహ్నం. ముందుగా ఫోన్ చేయొద్దు. భోజనాల తర్వాత మొదటి క్లాసు జరిగే వేళకు వరండాలో నడవండి. ఎన్ని గదుల్లో మాస్టారున్నారు, ఎన్ని గదుల్లో పిల్లలు సెల్‌ఫోన్లు చూసుకుంటున్నారు? ఈ ఒక్కటి చూస్తే చాలు, సగం తెలిసిపోతుంది.

మిగతా సగానికి ఇంటి దగ్గర కొంచెం పని చేసుకుని వెళ్ళాలి. ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్లో మాండేటరీ డిస్‌క్లోజర్ పెట్టాలని ఏఐసీటీఈ నిబంధన. అందులో బ్రాంచి వారీగా అధ్యాపకుల పేర్లుంటాయి. ఆ కాగితం ప్రింటు తీసి జేబులో పెట్టుకోండి. క్యాంటీన్లో మూడో సంవత్సరం పిల్లల్ని పలకరించి, ఈ సారు మీకేం చెబుతారమ్మా అని ఒక్కో పేరూ అడగండి. పిల్లలు మొహమొహాలు చూసుకుంటే అర్థం చేసుకోండి. తనిఖీ రోజు మాత్రమే కనిపించే అధ్యాపకుల సంగతి ఈ రంగంలో ఎవరికీ కొత్త కాదు. ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలని లెక్క. అరవై సీట్ల సెక్షన్ ఒకటి ఉంటే నాలుగేళ్ళకు కలిపి 240 మంది, 12 మంది అధ్యాపకులు. కంప్యూటర్ సైన్సులో అలాంటి సెక్షన్లు ఐదుంటే 1,200 మంది, 60 మంది కావాలి. 2024-25 నుంచి బాగా నడుస్తున్న కాలేజీలకు సీట్ల పరిమితి ఎత్తేశారు కాబట్టి ఈ లెక్క ఇప్పుడు మరీ అవసరం. సెక్షన్లు పెంచినంత సులువుగా చెప్పేవాళ్ళు దొరకరు.

గేటు మీద న్యాక్ అనీ ఎన్‌బీఏ అనీ పెద్దక్షరాలతో రాస్తారు. న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానిది. ఎన్‌బీఏ గుర్తింపు ఏ బ్రాంచికి ఆ బ్రాంచికే, అదీ గడువు పెట్టి ఇస్తారు. మీవాడు చేరబోయే బ్రాంచికి ఉందా, గడువు అయిపోయిందా అని అడిగే తండ్రి ఎంతమందిలో ఒకడు? హోర్డింగు మీద నలభై లక్షల ప్యాకేజీ కుర్రాడి ఫొటో చూసి మురిసిపోతారు. ఆ బ్రాంచిలో మార్కుల్లో సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లవాడికి ఎంత జీతం వచ్చింది, ఆఫర్ లెటర్ వచ్చినవాళ్ళలో ఉద్యోగంలో చేరినవాళ్ళెందరు అని అడగండి. ప్లేస్‌మెంట్ ఆఫీసులో కాదు, నాలుగో ఏడాది పిల్లల్నే.

హాస్టల్ మాత్రం చీకటిపడ్డాక చూడాలి. బాత్రూముల్లో నీళ్ళు వస్తున్నాయా, మెస్సులో పిల్లలు తింటున్నారా, కంచంలో వదిలేసి బయటికి పోతున్నారా? ఆడపిల్లైతే తల్లి లోపలికి వెళ్ళి ఆడపిల్లలతో విడిగా మాట్లాడాలి. రాత్రి జ్వరం వస్తే ఎవరికి చెబుతారు, ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు అని అడగాలి. ర్యాగింగ్ మీద 1997 నుంచే రాష్ట్రంలో చట్టముంది. కానీ ఫిర్యాదు చేసిన పిల్లకు తర్వాత ఏమైందో సీనియర్లకే తెలుస్తుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ చెప్పింది. ఇక్కడ ఏం చేస్తున్నారో అదీ వాళ్ళనే అడగండి.

నా చెల్లెలి కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడ హైస్కూలు పదకొండో తరగతిలో ఉండగానే పిల్లను వెంటబెట్టుకుని కాలేజీలు తిప్పింది. అక్కడ చదివే విద్యార్థే క్యాంపస్ అంతా నడిపించి చూపిస్తాడట. ముందుగా అడిగితే క్లాసులో కూర్చోనిచ్చే కాలేజీలూ ఉన్నాయట. చూడటానికి వెళ్తానంటే వాళ్ళ బడి సెలవు ఇస్తుందట. అక్కడున్న మనవాళ్ళు చేయగలిగింది ఇక్కడ మనం ఎందుకు చేయం? పెట్రోలు ఖర్చా? చేరాక ఏడాదికి కాలేజీ మారాలంటే ఎంత నరకమో ఆ పాట్లు పడ్డ ఇళ్ళవాళ్ళనడగండి.

పిల్లవాడు లేకుండా తండ్రి ఒక్కడే వెళ్ళి చూసి రావడం కూడా నాకు నచ్చదు. అక్కడ పడుకునేది, తినేది, చదివేది వాడు. నాన్నగారు ఆ రోజు నన్ను వెంటబెట్టుకుని తిప్పబట్టే, చేరిన రోజున నాకు కాకినాడ కొత్త ఊరనిపించలేదు.

మా మనవడు ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. వచ్చే నెలలో వాణ్ణి తీసుకుని బయల్దేరుతున్నాను. సెలవు అడిగితే వాళ్ళ కాలేజీవాళ్ళు వీక్లీ టెస్టు ఉంది, కుదరదన్నారు. వీక్లీ టెస్టు పై వారమూ ఉంటుందండీ అన్నాను. సెలవు ఇవ్వకపోతే ఆ రోజుకు మాన్పించి తీసుకెళ్తాను.