జమ్మిచెట్టు అక్కర్లేని రాష్ట్రం

విరాటనగరం పొలిమేరలో ధర్మరాజుకో సందేహం పట్టుకుంది. ఇన్ని ఆయుధాలు భుజాన వేసుకుని ఊళ్లోకి వెళితే జనం బెదిరిపోరా అని. దాంతో అన్నీ మూటగట్టారు. నకులుడు జమ్మిచెట్టెక్కి కొమ్మకు కట్టాడు. ఎవరూ దగ్గరికి రాకుండా ఒక శవాన్ని కూడా వేలాడదీసి, దారిన పోయే పశువుల కాపర్లకు మా ముసలితల్లి శవం, ఇది మా కులాచారం అని చెప్పుకున్నారు. పాపం, అంత అవస్థ ఎందుకొచ్చిందంటే వాళ్ళకు దొరికింది మత్స్యదేశం. టెక్సస్ అయితే మూట కట్టే పనే ఉండేది కాదు.

మా అబ్బాయి ఈ టెక్సస్‌లోనే ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాక ఆర్నెల్లు ఉండి వెళదామని వచ్చాం. పగలు అందరూ ఎవరి లాప్‌టాప్ వాళ్ళు తెరిచాక నాకు పని ఉండదు. రెవెన్యూ శాఖలో రిటైరైనవాడికి సెక్షన్లూ సబ్ సెక్షన్లూ కనిపిస్తే ఆకలి కూడా వేయదు. అలా ఈ రాష్ట్రపు ఆయుధ చట్టాల మీద పడ్డాను.

పాండవులు ఇక్కడికొస్తే ఎలా ఉంటుందో వరసగా చూశాను. నకులుడి కత్తికి 2017 సెప్టెంబరు దాకా ఇబ్బందే. అలుగు అయిదున్నర అంగుళాలు దాటితే వీధిలో పట్టుకు తిరగడం నేరం. ఆ తర్వాత కొన్ని చోట్లు మినహాయించి దారి వదిలేశారు. భీముడు ఇంకో రెండేళ్ళు ఆగాలి. వెంట తిప్పకూడని వాటిలో లాఠీతో పాటు గదను కూడా పేరు పెట్టి మరీ రాశారు, ఏ భీముణ్ణి చూసి జడుసుకున్నారో! 2019లో అదీ ఎత్తేశారు. ఇక సహదేవుడు 2021 సెప్టెంబరు తర్వాత వస్తే రాజయోగం. 21 ఏళ్ళు నిండి, నేరచరిత్రలాంటివి లేకపోతే చాలు, పిస్తోలు నడుముకు తగిలించుకుని తిరగొచ్చు. శిక్షణ అడగరు, లైసెన్సు అడగరు. అర్జునుడి విల్లు సంగతి ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

చిక్కల్లా ఒక్కటే. కీచకుడికీ ఇదే చట్టం. అతగాడి తమ్ముళ్ళు నూట అయిదుగురికీ ఇదే.

వీటన్నిటికీ పైన ఉన్నది 1791లో అమెరికా రాజ్యాంగానికి చేర్చిన రెండో సవరణ. అదొక్కటే వాక్యం. మొదటి సగంలో పౌరసేన మాట, రెండో సగంలో ప్రజల ఆయుధ హక్కు మాట. ఈ రెండు సగాలకూ చుట్టరికం ఏమిటన్నది 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సేనలో లేకపోయినా ఆత్మరక్షణకు ఇంట్లో తుపాకీ ఉంచుకోవచ్చని అయిదుగురు జడ్జీలు, కాదని నలుగురు. మా పంచాయతీ ఎన్నికల్లో కూడా ఇంతకన్నా మెజారిటీ వచ్చేది. 2017 నాటి అంచనా ప్రకారం ఈ దేశంలో పౌరుల దగ్గరున్న తుపాకులు 39 కోట్ల పైమాట. పసిపిల్లలతో సహా మనిషికొకటి పంచినా పేరంటంలో తాంబూలాల్లా ఇంకా మిగులుతాయి.

ఆస్టిన్‌లో శాసనసభ భవనం చూడ్డానికి వెళ్ళాం. 2010లో ఆ మెట్ల దగ్గర ఒకడు కాల్పులు జరిపాక తలుపుల దగ్గర తనిఖీ యంత్రాలు పెట్టారు. నా బెల్టూ తాళాలూ బీపీ మాత్రల డబ్బా ట్రేలో పెట్టి, ప్యాంటు జారకుండా చేత్తో పట్టుకుని నిలబడ్డాను. తుపాకీ లైసెన్సున్నవాళ్ళకు ఈ తంతు లేదు. కార్డు చూపించి పక్కదారిన వెళ్ళిపోవచ్చు. క్యూలో నిలబడే ఓపిక లేక లాబీయిస్టులూ విలేకరులూ కొందరు ఆ కార్డు కోసమే లైసెన్సు తీసుకున్నారట. ఆయుధం ఉన్నవాడు పెద్దమనిషి, మాత్రల డబ్బా ఉన్నవాడు అనుమానితుడు.

దుకాణదారుడి గతి కూడా నాలాంటిదే. లోపలికి తుపాకీ తేవద్దని బోర్డు పెట్టాలంటే అది ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఉండాలి, అక్షరం అంగుళానికి తగ్గకూడదు. లైసెన్సు ఉండి చొక్కా కింద దాచుకొచ్చేవాడికి 30.06 నంబరు బోర్డు, పైకి కనపడేలా తెచ్చేవాడికి 30.07, లైసెన్సే లేనివాడికి మరొకటి. (30-06 అన్నది ఒక వేట తూటా పేరు కూడా. రాసినవాడి చమత్కారమేమో!) తుపాకీ పట్టేవాడికి పరీక్ష లేదు గానీ వద్దనేవాడి దస్తూరికి ఉంది.

నవ్వుకుంటూనే చదువుతున్నాను గానీ, మా అబ్బాయి ఒక దారిలో కారు పోనివ్వడు. అటు వెళితే ఆలెన్ మాల్ వస్తుంది. 2023 మే నెలలో అక్కడ ఒకడు ఎనిమిది మందిని కాల్చి చంపాడు. వాళ్ళలో ఒక తెలుగమ్మాయి ఉంది. "వేరే షాపుకెళదాం నాన్నా" అంటాడు, అంతకుమించి మాట్లాడడు.

మా కోడలు హెచ్-4 అనే డిపెండెంట్ వీసా మీద ఉంది. ఎంటెక్ చదివింది. మొగుడి గ్రీన్‌కార్డు ఫైలు ఒక మెట్టు ఎక్కేదాకా ఉద్యోగం చెయ్యకూడదు. ఇలాంటి తాత్కాలిక వీసాలవాళ్ళు తుపాకీ కూడా పట్టకూడదని కేంద్ర చట్టంలో కనపడింది. హమ్మయ్య, ఇక్కడైనా సమన్యాయం ఉందనుకుంటూ కిందికి చూస్తే మినహాయింపు. వేట లైసెన్సు ఉంటే కొనుక్కోవచ్చట! ఆ లైసెన్సు ఆన్‌లైన్లో అమ్ముతారు. జింకను తెచ్చి చూపించమని ఎవరూ అడగరు.

కోడిగుడ్డు కూడా గడప దాటని ఇల్లు మాది. అయినా విషయం విషయమే కదా అని కోడలికి చదివి వినిపించాను.

"అయితే మామయ్యగారూ, ఈ దేశంలో నేను లేడిని కొట్టొచ్చు, కోడ్ కొట్టకూడదు, అంతేగా?" అంది.