నా రంగు నిలవదు

ఉట్నూరు నుంచి ఇంద్రవెల్లి పోయే తోవలో, పత్తి చేను గట్టు మీద ఉంటాను. మోదుగు చెట్టును. 2016లో ఆదిలాబాద్‌ను నాలుగు జిల్లాలు చేసినా, పాత పేరున్న ముక్కలోనే మిగిలాను.

ఫాల్గుణానికి ఆకులన్నీ రాలిపోయి, ఉత్త కొమ్మల నిండా చిలుక ముక్కుల్లాంటి ఎర్రటి పూలు పూస్తాను. వాసన లేదని మనుషులు వంక పెడతారు. గోరింకలకు ఆ పట్టింపు లేదు, పొద్దున్నే తేనె కోసం కొట్లాడుకుంటాయి.

కాముని పున్నమి, అదే హోలీ, దగ్గర పడితే పిల్లలు బుట్టలతో దిగుతారు. కరీంనగర్ దిక్కు నా చుట్టాల దగ్గరికి జాజిరి పాటలు పాడుకుంటూ పోతారట. పూలను కుండలో కాచి రాత్రంతా వదిలేస్తే పసుపు కలిసిన నారింజ రంగు దిగుతుంది. ఇంత సున్నం కలిపితే ఎరుపు తిరుగుతుంది. బట్టకు పట్టాలంటే పటిక వెయ్యాలి. వేసినా ఎండకు వెలుస్తుంది, దాచేదేముంది! 1856లో లండన్‌లో పెర్కిన్ అనే కుర్రవాడు బొగ్గు తారు సరుకులోంచి ఊదా రంగు తీశాడు. ఆ దారిలో వచ్చిన రంగుల ముందు అద్దకంలో నాకు చోటు తగ్గింది. కానీ హోలీకి వెలిసే రంగే కదా కావాలి? డబ్బా రంగును చెవుల వెనక రుద్ది రుద్ది కడుక్కునేవాళ్ళను అడగండి.

బెరడుకు గాటు పెడితే ఎర్రటి బంక కారుతుంది. వగరు. విరేచనాలు కట్టడానికి వాడేవారు. తెల్లవాళ్ళ మందుల పుస్తకాల్లోకీ ‘బెంగాల్ కైనో’ పేరుతో ఎక్కింది. నా కాయలో ఒకటే గింజ. దాన్ని నూరి కడుపులో పురుగులకు ఇచ్చేవారు, నిమ్మరసంలో అరగదీసి తామరకు పూసేవారు. మోతాదు దాటితే వాంతులే. ఎంత ఇవ్వాలో తెలిసిన ముసలమ్మలు తగ్గిపోయారు, ఊరూపేరూ లేని పొడి పొట్లాలు పెరిగాయి. నన్ను మింగి కోలుకున్నవాడి కథ అందరూ చెబుతారు, కక్కుకున్నవాడి కథ ఎవరూ చెప్పరు.

చైత్రంలో కాడకు మూడేసి ఆకులు వేస్తాను. ఈనెపుల్లలతో కుడితే ఇస్తరాకులు. పెళ్ళిళ్ళలో ఇప్పుడు ప్లాస్టిక్ పూత ప్లేట్లే ఎక్కువ. అయినా ఆకు కోసేవాళ్ళు ఇంకా వస్తున్నారు. మేకలు నా జోలికి పెద్దగా రావు. కొడవలి కట్టిన గెడతో వచ్చేవాళ్ళతోనే ఇబ్బంది: ఆకు కోసమని కొమ్మంతా దించేస్తారు. ఆ కొమ్మ వచ్చే ఫాల్గుణానికి పూసేది.